అత్త చెప్పగా రాసిన ఉత్తరం

మా మేడమీద గదులు మిషనరీలకి అద్దెకిచ్చింది నేనే. ఇవ్వమని ఎవరూ చెప్పలేదు. ఇవ్వొద్దని మాత్రం ఇద్దరు ముగ్గురు చెప్పారు.

వాళ్ళు మిజోరాం నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఆయన పాస్టరు. ఆవిడ నర్సింగు చదువుకుంది. ఇద్దరికీ నలభై లోపే. నౌపడ దగ్గర ఉప్పు మళ్ళల్లో పనిచేసే కుటుంబాల మధ్య ఒక చిన్న చర్చి ఉంది. దాన్ని చూసుకోవడానికి వాళ్ళ సంఘం పంపించింది. అక్కడ ఇల్లు దొరక్క కోటబొమ్మాళి దాకా వచ్చారు. నేను హైస్కూల్లో తెలుగు మాస్టారినని తెలిసి గదులతో పాటు పాఠాలు కూడా అడిగారు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక ఓ గంట చెబుతానన్నాను.

అప్పటికే విశాఖపట్నంలో ఆరు నెలలు తెలుగు నేర్చుకుని వచ్చారు. మొదటిరోజు ఆవిడ మా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి మా అత్తని పలకరించింది. "అమ్మగారూ, తమరు ఏమి చేయుచున్నారు?"

అత్త చింతపండు పిసుకుతున్న చెయ్యి అలాగే ఆపేసి నా వైపు చూసింది.

"ఏటంతంది ఈ గుంట? హరికథ సెప్తందేటి?"

ఆడపిల్లని మా వైపు గుంట అంటారు. ఆవిడకి ఆ ముక్క అర్థం కాలేదు గానీ నవ్వు అర్థమైంది. తనూ నవ్వింది.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. ఉద్దానంలో, కవిటి దగ్గర ఒక ఊళ్ళో ముప్పై ఏళ్ళు కాపురం చేసింది. ఆ ప్రాంతంలో ఇంటింటా ఉన్న కిడ్నీ జబ్బే ఆమె భర్తనీ తీసుకుపోయింది. పిల్లలు లేరు. తర్వాత వచ్చిన తుఫానుకి కొబ్బరితోట మొత్తం ఒరిగిపోయింది. అప్పుడు ఒక రేకుపెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన రోజే వంటిల్లు తనదని తేల్చేసింది. నేనూ మా ఆవిడా ఇద్దరం టీచర్లమే కాబట్టి ఆ ఏర్పాటు అందరికీ బాగానే ఉండేది.

నేను పుస్తకం ముందు పెట్టి నేర్పినదానికంటే నర్సమ్మ అత్త దగ్గర కూర్చుని నేర్చుకున్నదే ఎక్కువ. వీధిలో అందరూ ఆవిణ్ణి నర్సమ్మ అనే పిలిచేవారు. పాస్టరుగారు క్రియారూపాలన్నీ గీతలు గీసి పట్టికలు వేసుకునేవారు. ఆవిడ పది నిమిషాలు రాసి, వంటింట్లో పోపు చప్పుడు వినగానే లేచి వెళ్ళిపోయేది. నాలుగు నెలలు తిరిగేసరికి ఆవిడ నోట "ఏటత్తా, ఎలాగున్నావు?" అనే మాట వినిపించింది. నేను అత్తా అని పిలవడం విని తనూ అలాగే పిలిచేది.

"నాను నీకు అత్తనెలాగవుతానే? నీ మొగుడ్ని నాను కన్నానేటి?" అని అడిగింది అత్త.

"అవునత్తా," అంది నర్సమ్మ, ఏమడిగిందో తెలియక. ఆ తర్వాత పదిహేను రోజులు మా ఇంట్లో అదే మాట మీద నవ్వులు.

శ్రావణ శుక్రవారం పేరంటానికి మా ఆవిడ వీధిలో ఆడవాళ్ళందరితో పాటు నర్సమ్మనీ పిలిచింది. బొట్టు పెట్టబోతే ఆవిడ తల వెనక్కి లాక్కుంది. మా ఆవిడ చెయ్యి గాలిలో ఉండిపోయింది. నర్సమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ అత్త ఒక్కతే కూర్చుని నానబెట్టిన శనగలు పొట్లాలు కడుతోంది. భర్త పోయిన మనిషి కాబట్టి పేరంటంలోకి తను రాదు.

"ఎందుకొచ్చీసేవు?"

"బొట్టు మేం పెట్టుకోం అత్తా. అక్కకి కోపం వచ్చింది."

"కోపం కాదు, నొప్పి. నుదురు మీద వద్దనుకుంటే కుంకం సేత్తో పుచ్చుకో. కళ్ళకద్దుకోకపోతే మానె. తల ఎనక్కి లాగితే మాత్రం ఎదటి మడిసిని కొట్టినట్టుంతాది."

నర్సమ్మ మళ్ళీ వచ్చి మా ఆవిడ ముందు చెయ్యి చాపింది. కుంకుమ పొట్లం, పండు, తాంబూలం పుచ్చుకుంది. పేరంటాళ్ళు వెళ్ళేదాకా తను కూడా వంటింట్లో అత్త పక్కనే కూర్చుని శనగలు కట్టింది.

ఇదంతా ఒకవైపు. ఇంకోవైపు వంటింటి కిటికీ గూట్లో ఒక స్టీలు గ్లాసు విడిగా ఉండేది. నర్సమ్మకి టీ అందులోనే. తాగాక ఆవిడే పెరట్లో కుళాయి దగ్గర కడిగి మళ్ళీ ఆ గూట్లో బోర్లించేది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. మొదటి వారంలోనే గ్రహించుకుంది. "అత్తతో ఓ మాట చెప్పండి" అని మా ఆవిడ నన్ను రెండుసార్లు అడిగింది. పెద్దావిడ, ఈ వయసులో ఏం మారుతుంది అన్నాను. మనుషులంతా ఒకటేనన్న పద్యానికి తరగతిలో అర్థం చెప్పి వచ్చి, ఆ గూటి వైపు చూడకుండా అన్నం తినేవాణ్ణి.

రెండో ఏడు వానల్లో అత్త కాళ్ళు వాచాయి. అన్నం సహించడం మానేసింది. నర్సమ్మ ఆమె కాలిమడమ దగ్గర బొటనవేలితో నొక్కి చూసింది. పడిన సొట్ట చాలాసేపు అలాగే ఉండిపోయింది. "మాస్టారూ, రేపే రక్తం పరీక్ష చేయించాలి" అంది. అత్తకి పరీక్ష అక్కర్లేకపోయింది. భర్త కాళ్ళు అలాగే వాయడం ఆమె చూసింది.

"మా ఆయనకొచ్చిందే నాకూ వచ్చీసింది. ఎవులూ ఏడవకండి. ఏడిసినోల్లని వంటింట్లోకి రానివ్వను."

సోమ, బుధ, శుక్రవారాలు టెక్కలిలో డయాలసిస్. నాలుగేసి గంటలు మెషిను మీద ఉండాలి. మొదటి వారం నేను సెలవు పెట్టాను. రెండో వారం నర్సమ్మ వచ్చి, "నేను తీసుకెళ్తాను మాస్టారూ, నాకు తెలిసిన పనే" అంది. ఆ రోజు నుంచి ఉదయం ఏడింటికి ఆటో ఎక్కేది వాళ్ళిద్దరే. రోజుకి ఎన్ని నీళ్ళు తాగాలో నర్సమ్మే కొలిచి పెట్టేది. దాహం ఆగక అత్త తిట్టేది. "గుక్కెడు నీల్లకి నిన్ను అడుక్కోవాలేటే!" తిట్లన్నీ అయ్యాక నర్సమ్మ తడిగుడ్డ ఆమె పెదవుల మీద పెట్టేది.

మెషిను మీద ఉండగా అత్త ఒకసారి అడిగిందట, మీ ఊల్లో ఏటి తింతారని. పొగలో ఎండబెట్టిన పంది మాంసం, వెదురు మొలకల కూర అని నర్సమ్మ చెప్పిందట.

"మరి మా ఇంట్లో ఎప్పుడూ వండగా సూళ్ళేదు?"

"ఆ వాసన మీకు పడదు కదత్తా."

రెండేళ్ళు మా ఇంట్లో ఉండి వాళ్ళు ఒక్కసారి కూడా తమ ఊరి కూర వండుకోలేదని మాకు అప్పుడు తెలిసింది. అత్త ఆ సంగతి చెబుతూ చెబుతూనే గోడ వైపు తిరిగి పడుకుంది.

తర్వాత కొన్నాళ్ళకి, ఒక ఆదివారం మధ్యాహ్నం మా పెదనాన్నగారి అబ్బాయి ఫోను పట్టుకుని వచ్చాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. వ్యవసాయం చేస్తాడు. మా కుటుంబంలో పెద్ద మాట అన్నయ్యదే. ఫోను నా ముందు పెట్టాడు.

తెర మీద మా అత్త ఉంది. ఆసుపత్రి మంచం మీద కళ్ళు మూసుకుని పడుకుంది. చేతికి రెండు ఎర్రటి గొట్టాలు. నర్సమ్మ చెయ్యి అత్త నుదుటి మీద ఉంది. ఫొటో కింద ఇంగ్లీషులో ఒక పేజీ.

అది పాస్టరుగారు మిజోరాంలో తమ సంఘానికి పంపిన ఉత్తరం. పని ఎలా జరుగుతోందో, ఎవరి కోసం ప్రార్థన చేయాలో మిషనరీలు కొన్నాళ్ళకోసారి అలా రాసి పంపుతారట. అది ఒక వాట్సాప్ గ్రూపులోంచి ఇంకోదానిలోకి దొర్లి, తిరిగి తిరిగి టెక్కలిలో ఎవరి ఫోనుకో వచ్చింది. అక్కణ్ణుంచి అన్నయ్యకి.

"మన ఇంటి ఆడకూతురు ఫొటో ఊరూరా తిరగతంది," అన్నాడు అన్నయ్య. "సేవ సేత్తన్నారనుకున్నావు నువ్వు. ఎందుకు సేత్తన్నారో ఇప్పుడు సూడు."

మేడమీంచి ఇద్దర్నీ పిలిచాను. ఫొటో చూడగానే నర్సమ్మ మొహం పాలిపోయింది. అత్త నులకమంచం మీద కూర్చుని ఫోను కళ్ళ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇంత నల్లబడిపోనానేటి?" అంది. తర్వాత, "కింద రాసిందేటి? సదివి ఇనిపించు."

నేను ఫోను అందుకోబోయాను.

"నువ్వొద్దు. రాసినోల్లే సదవాల."

పాస్టరుగారు ముందుకొచ్చారు గానీ ఆయన తెలుగు ఇంకా పుస్తకం దాటలేదు. నర్సమ్మ ఫోను తీసుకుంది. "ఆయన రాశారు. చెప్పింది నేను," అంది. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చూసుకుని తెలుగులో చెప్పసాగింది.

"ఈ ముసలితల్లికి పిల్లలు లేరు. భర్త లేడు. చాలా జబ్బుగా ఉంది. ఈమె మనసు ఇంకా చీకటిలో ఉంది. ఈమె వెలుగులోకి రావాలని ప్రార్థించండి."

అక్కడ ఆగింది. నేను ఆవిడ పక్కనే ఉన్నాను. తర్వాతి వాక్యం నాకు కనిపిస్తోంది.

"అది వదిలేయండి," అన్నాను ఇంగ్లీషులో.

"ఏటంతన్నాడు ఈడు?" అంది అత్త.

నర్సమ్మ నా వైపు ఒకసారి చూసి, అత్త వైపు తిరిగి చదివింది. "ఈ ఇంట్లో నాకు వేరే గ్లాసులో టీ ఇస్తారు. నేనే కడిగి వేరేగా పెడతాను. మా కోసం కూడా ప్రార్థించండి."

మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. అన్నయ్య మొహంలో కోపం అలాగే ఉంది గానీ చూపు దించుకున్నాడు. వాళ్ళింట్లోనూ అదే పద్ధతి.

"గళాసు మాట నిజవే," అంది అత్త. "సీకట్లో ఉన్నానన్న మాట అబద్ధం. పొద్దున్న లేసి సింహాచలం అప్పన్నకి దండం ఎట్టకుండా నాను నీల్లు ముట్టను. నీకు తెల్దా? ఇన్నాల్లు నా పక్కన కూకొని నాలో సీకటే సూసేవా?"

నర్సమ్మ నేల మీద కూర్చుండిపోయింది. "తప్పు చేశాను అత్తా. ఫొటో తీస్తానని నిన్ను అడగలేదు. రాస్తానని అడగలేదు." ఏడ్చింది. అత్త ఓదార్చలేదు. మంచం పట్టె మీద చెయ్యి పెట్టుకుని వీధి వైపు చూస్తూ కూర్చుంది.

వీళ్ళు ఈ ఇంట్లో ఉండడానికి వీల్లేదని అన్నయ్య తేల్చేశాడు. అందరూ నా వైపు చూశారు. ఇల్లు నాది. నెలాఖరుకి వేరే ఇల్లు చూసుకోండి అన్నాను. పాస్టరుగారు "సరే మాస్టారూ" అన్నారు, అంతే. నెలాఖరు దాకా ఆగలేదు. గురువారానికల్లా నౌపడలో చర్చి వెనక ఉన్న రేకుల గదిలోకి వెళ్ళిపోయారు. వాళ్ళు సామాను దింపుతున్నప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. ఆ వేళకి అక్కడే ఉండేలా చూసుకున్నాను.

ఆ వారం నుంచి అత్తని నేనే టెక్కలి తీసుకెళ్ళాను. తర్వాతి సోమవారం ఆటో దిగేసరికి నర్సమ్మ ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉంది. దగ్గరికి రాలేదు. నాలుగు గంటలూ వరండాలో బల్ల చివర కూర్చుని, మేం బయల్దేరాక తనూ వెళ్ళిపోయింది. బుధవారం కూడా అంతే. అత్త చూసీ చూడనట్టే ఉంది. శుక్రవారం మంచం మీద పడుకోబెట్టాక నన్ను పిలిచి, "దాన్ని రమ్మను" అంది.

నర్సమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది.

"నిలబడిపోయేవేటి? కూకో." తర్వాత నాతో, "ఒరే, నువ్వు స్కూలుకి ఎల్లిపో."

నేను వెళ్ళలేదు. గుమ్మం దగ్గరే ఉన్నాను.

"ఇంకెప్పుడూ నీ గురించి రాయను అత్తా," అంది నర్సమ్మ.

"రాయొద్దని నానన్లేదు. అడిగి రాయమంతన్నాను. ఇప్పుడు నాను సెప్తాను, నువ్వు రాయి. మీవోల్లకి పంపు."

ఆ ఉత్తరం మూడు డయాలసిస్‌లు పట్టింది. అత్త చెబుతుంటే నర్సమ్మ నోటుబుక్కులో తెలుగులో రాసుకుంది. తప్పులు దిద్దమని ఆ కాగితాలు నాకిచ్చింది. నేను పెన్ను తీసి, మొదటి పేజీ చదివి, పెన్ను మూసేశాను. నకలు మాత్రం రాసుకున్నాను. అందులో కొంత ఇది:

"మిజోరాం అమ్మలకి దండాలు. నాకు పిల్లలు లేరని రాసేరు, నిజవే. మా ఆయనా నానూ నాటిన కొబ్బరిసెట్లు ఎనభై ఉండేవి. తుఫానుకి ఒక్క పూటలో పడిపోనాయి. మా ఆయన పోయిన రోజు కంటే ఆ రోజు ఎక్కువ ఏడిసేను. ఈ మాట ఇక్కడ ఎవులితోటీ అనలేదు. మీరు దూరంగా ఉన్నారు గనక సెప్తన్నాను. నాను సీకట్లో లేను. నాకు సింహాచలం అప్పన్న ఉన్నాడు. ఈ గుంట నా సెయ్యి పట్టుకొని మీ దేవుడికి సెప్పుకుంతాది. నాను వద్దనలేదు. ఆ సెయ్యి ఎచ్చగుంతాది. గళాసు ఏరేగా ఎట్టింది నానే. మా అమ్మ ఎట్టేది, నానూ ఎట్టేను. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. అది తప్పు. ఈ గుంట రెండేళ్ళు మా ఇంట్లో తన కూర వండుకోలేదు. అది నాకు తెల్దు. తెలుసుకోవాల్సింది. దీన్ని మీరు సల్లగా సూడండి."

నర్సమ్మ అర్థం చెబుతుంటే పాస్టరుగారు దాన్ని తమ భాషలోకి మార్చి పంపారు. అప్పన్న గురించి రాసిన మాటలు తీసేసి పంపితే బాగుంటుందని వాళ్ళ పెద్దలెవరో అన్నారట. ఆయన తీయలేదు. ఆ సంగతి ఆయన నాతో చెప్పలేదు, నర్సమ్మ చెప్పింది. అప్పటిదాకా ఆయన్ని పట్టికలు వేసుకునే మనిషిగానే చూశాను.

నర్సమ్మ మళ్ళీ మా ఇంటికి రావడం మొదలుపెట్టేసరికి కిటికీ గూట్లో గ్లాసు లేదు. ఎవరు తీశారో మేం ముగ్గురం ఒకర్నొకరం అడగలేదు.

ఒక శుక్రవారం ఆసుపత్రి వరండాలో బల్ల మీద ఇద్దరమే కూర్చున్నప్పుడు ఆవిణ్ణి అడిగేశాను. "మా అత్త ఎప్పటికీ మీ మతంలోకి రాదు. అది మీకు తెలుసు. అయినా వస్తారా?"

"అత్త రావాలని నాకు కోరిక ఉంది మాస్టారూ. లేదంటే అబద్ధం. నేను నమ్మింది నాకు ఇష్టమైనోళ్ళకి కూడా దొరకాలనుకుంటాను. రాకపోతే... రాకపోనీండి. సోమవారం ఏడింటికి ఆటో నేనే మాట్లాడతాను."

రెండు నెలలకి మిజోరాం నుంచి ఒక జవాబు వచ్చింది. రాసింది ఒక ముసలామె. కొండచరియ విరిగిపడి తన బత్తాయి తోట పోయిందట. దేవుడి గురించి ఏమీ రాయలేదు. ఒకటే అడిగింది, అక్కడ మళ్ళీ మొక్కలు నాటారా అని. నర్సమ్మ అది చదివి వినిపిస్తే అత్త మొహం వికసించింది.

"నాటేం. మా తోటికోడలి కొడుకు నాటేడు. కాపుకొచ్చీసరికి నానుండను. నువ్వొచ్చి కొబ్బరినీల్లు తాగి పో అని రాయి."

ఆ జవాబు వెళ్ళింది. దానికి తిరుగు జవాబు వచ్చేలోపు వేసవిలో, ఒక గురువారం ఉదయం అత్త పోయింది. ముందురోజే డయాలసిస్ అయింది. ఉదయం లేచి, దండం పెట్టుకుని, మళ్ళీ పడుకుంది. మా ఆవిడ టీ తీసుకెళ్ళి లేపితే లేవలేదు.

కబురు అందగానే నర్సమ్మ నౌపడ నుంచి వచ్చేసింది. లోపలికి రాకుండా వీధిలో అవతలివైపు గోడకి ఆనుకుని నిలబడింది. అరుగు మీద అన్నయ్య, బంధువులు కూర్చుని ఉన్నారు. మా ఆవిడ వాళ్ళ మధ్యలోంచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. అన్నయ్య తల తిప్పుకున్నాడు.

పెరట్లో ఆడవాళ్ళు అత్తకి స్నానం చేయించబోతున్నారు. చేతికి డయాలసిస్ సూదులు తీసిన చోట కట్టు ఇంకా ఉంది. దాన్ని ముట్టుకోవడానికి అందరూ వెనకాడుతున్నారు. నర్సమ్మ పక్కన కూర్చుని, గోరువెచ్చని నీళ్ళతో ఆ ప్లాస్టరు తడిపి, చర్మం లాగకుండా నెమ్మదిగా విప్పింది. బతికున్న మనిషికి నొప్పి కలగకుండా విప్పినట్టే విప్పింది. దూది తీసి, ఆ చెయ్యి తుడిచి, ఒకసారి రెండు చేతులతో పట్టుకుని, లేచి పక్కకి తప్పుకుంది. మిగతాది మావాళ్ళు చేశారు. పెద్దకర్మ రోజున కూడా నర్సమ్మ వచ్చింది. పాస్టరుగారు వచ్చి అరిటాకులు కడిగారు.

అన్నయ్య ఈనాటికీ వాళ్ళతో మాట్లాడలేదు. ఆ ఫొటో మాట వస్తే ఇప్పటికీ మండిపడతాడు. అది తప్పని నేను అనలేను. ఆ రోజు ఆయన రాకపోతే అత్త తన మాట చెప్పేదీ కాదు.

మరుసటి ఏడు సంఘం వాళ్ళని ఒడిశాలో పర్లాకిమిడి వైపు వెళ్ళమంది. వెళ్ళేముందు నర్సమ్మ చెప్పిపోవడానికి ఒక్కతే వచ్చింది. మళ్ళీ అక్షరాల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి మాస్టారూ, ఈసారి ఒడియా అంది. మా ఆవిడ వంటింట్లో ఉంది. నేను చాలా రోజులుగా అనుకుంటున్న మాట బయటపెట్టాను.

"ఆ రోజు మిమ్మల్ని ఖాళీ చేయమన్నది న్యాయమనిపించి కాదు. భయంతో అన్నాను. వీధిలో ఏమంటారోనని."

ఆవిడ తన చేతుల వైపు చూసుకుంది.

"నేనూ భయంతోనే ఆ ఉత్తరం రాయించాను మాస్టారూ. వచ్చి రెండేళ్ళయింది, చర్చికి కొత్తగా ఒక్కరూ రాలేదు. ఏ పనీ జరగట్లేదని మావాళ్ళు అనుకుంటారేమోనని భయం. మంచం మీద అత్త కనిపించింది. వాళ్ళకి చూపించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు."

లోపల్నుంచి మా ఆవిడ అన్నానికి పిలిచింది. ఇద్దరం లేచాం. తిన్నాక నేనే స్టాండు దాకా వెళ్ళి ఆవిణ్ణి టెక్కలి బస్సు ఎక్కించాను.